పక్క కింద సిలిండరు

చక్రాల మీద ఇల్లు కట్టావు. సంతోషం. రెండున్నర లక్షల్లో అయిపోయిందన్నావు, ఇంకా సంతోషం. వీడియోలో తలుపు తీసి, కర్టెన్లు చూపించి, మడత మంచం దించి, చిన్న పొయ్యి మీద టీ పెట్టి, వెనకాల అరకు లోయ కనపడేలా డ్రోను ఎగరేసి, జీవితమంటే ఇదీ అన్నావు. చూసినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టను. ముందు నాకు మూడు సంగతులు చెప్పు. ఆ పొయ్యికి వచ్చే గ్యాసు లీకైతే ఎటు పోతుంది? రాత్రి రెండింటికి తలుపు దగ్గరే మంట లేస్తే నీ కూతురు ఎటునుంచి బయటికి రావాలి? ఘాట్ రోడ్డు దిగుతూ నువ్వు కారు బ్రేకు తొక్కితే, వెనక తగిలించుకున్న ఆ టన్ను బరువును ఆపేదెవరు?

కర్టెన్ల రంగు నేనడగలేదు.

కోపం వచ్చిందా? రానీ. సరదాగా క్యాంపరు కట్టుకుంటే నీకేం కడుపుమంట అంటావు. అవును, కడుపుమంటే. ఎందుకో చెప్తాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇలాంటిదొకటి తయారవుతుంటే దగ్గర నిలబడి చూశాను. పాత ట్రాలీ ఛాసిస్. దాని మీద స్క్వేర్ పైపు ఫ్రేము. బయట రేకు, లోపల ప్లైవుడ్, రెంటి మధ్యా ఎండ తగలకుండా థర్మోకోల్. గోడలకి ఫోము అతికించి పైన రెక్సిన్ కుట్టారు, మెత్తగా, పెళ్లివారి కారు సీటులా. అగ్గిపుల్ల పడితే ఇందులో అంటుకోనివి ఆ ఇనప పైపూ బయటి రేకూ మాత్రమే. దొంగల భయానికి కిటికీలకి కమ్మీలు వెల్డింగ్ చేశారు. తలుపు ఒక్కటి. తలుపు పక్కనే పొయ్యి. పిల్లల పక్క కింద అయిదు కేజీల సిలిండరు, దానికి జానెడు దూరంలో ఇన్వర్టరు బ్యాటరీ. ఫ్యూజేదీ అంటే, లాస్టులో పెడతాం సార్ అన్నాడు కుర్రాడు. ఓనరు మాత్రం గర్వంగా ఇంకోటి చూపించాడు. కింద చెక్కకీ ఫ్రేముకీ మధ్య ఉన్న ప్రతి సందునీ సిలికాన్‌తో మూయించాడట. దుమ్ము రాకూడదు కదండీ!

దుమ్ము రాదు నాయనా. గ్యాసు కూడా పోదు.

షెడ్డు మేస్త్రిని నేనొక్క మాట అనను. అతని వెల్డింగు నిక్కంగా ఉంది, అడిగింది అడిగినట్టు కట్టాడు. నా తగాదా అడిగినవాడితో. ఇంజనీరింగ్ చదివి, ఐటీలో పనిచేస్తూ, ఆఫీసులో ఫైర్ డ్రిల్లు జరిగితే బుద్ధిగా మెట్లు దిగి చెట్టుకింద నిలబడే మనిషి, సొంత పెళ్లాం బిడ్డల్ని పడుకోబెట్టే పెట్టెకి రెండో దారి లేకుండా కట్టించుకున్నాడు చూడు, ఆ మనిషితో.

ఎల్పీజీ గాలికన్నా బరువైంది. పైకి లేవదు, నేల పట్టుకుని పాకుతుంది, పల్లంలో పేరుకుంటుంది. ఇంట్లోనైతే తలుపు కింద సందు నుంచో, వంటింటి తూము నుంచో కొంతైనా పోతుంది. నువ్వు సీలు చేసిన పెట్టెలో అది ఎటూ పోదు, నీ పక్క కిందే పడుకుంటుంది. తెల్లారి లైటు స్విచ్చి నొక్కుతావు. అందుకే బుద్ధున్న దేశాల్లో సిలిండరుని పడక గదితో సంబంధం లేని విడి అరలో పెడతారు, ఆ అర తలుపు బయటికే తెరుచుకుంటుంది, దాని అడుగున రోడ్డు కనపడేలా కన్నం ఉంటుంది. జర్మనీలో క్యారవాన్‌లో గ్యాసు ఉందంటే రెండేళ్లకోసారి పరీక్ష చేయించాల్సిందే. వాళ్లకేం పనిలేక కాదు. శవాలు లెక్కపెట్టుకునే పని రాకూడదనే ఆ రూలు రాసుకున్నారు.

మంట కనపడుతుంది, గ్యాసు వాసనొస్తుంది, మెలకువ రాదా అంటావేమో. మెలకువ రానివ్వనిది ఇంకోటుంది. 2024 డిసెంబరు, కేరళలో కోళికోడ్ జిల్లా వడకర. రోడ్డు పక్కన ఒక క్యారవాన్ ఆగి ఉంది. జనం పక్కనుంచే పోతున్నారు, వస్తున్నారు. ఎంతకీ కదలకపోయేసరికి అనుమానం వచ్చి తలుపు తీస్తే లోపల ఇద్దరు మనుషులు చనిపోయి ఉన్నారు. దెబ్బ లేదు, నెత్తురు లేదు. ఏసీ కోసం జనరేటరు వేసుకున్నారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు బండి అడుగున ఉన్న సందులోంచి లోపలికొచ్చింది. రంగులేదు, వాసనలేదు, దగ్గు కూడా రాదు. నెత్తురులో ఆక్సిజను కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. కాస్త తలనొప్పి, కాస్త మత్తు. ప్రయాణం బడలిక అనుకుని పక్కకి తిరిగి పడుకుంటారు. కోళికోడ్ ఎన్ఐటీ నిపుణులు వచ్చి అదే బండిలో అదే జనరేటరు వేసి కొలిస్తే, రెండు గంటల్లో ఆ విషవాయువు తొమ్మిది వందల పీపీఎం దాటిందని వార్తలొచ్చాయి.

గుర్తుపెట్టుకో, అది వెల్డింగ్ షాపు బండి కాదు. వ్యాపారానికి తిప్పే క్యారవాన్. చనిపోయినవాళ్లు దాన్ని రోజూ చూసుకునే మనుషులు. దానికే ఆ గతి పడితే, నీ ప్లైవుడ్ పెట్టె సంగతేంటి? మూరకింత అని కొని గోడ చుట్టూ అంటించిన రంగుల లైట్ల పట్టీ, బ్లూటూత్ స్పీకరు, వీటికి పెట్టిన డబ్బులో కార్బన్ మోనాక్సైడు అలారం వచ్చేది. కానీ అలారం వీడియోలో అందంగా కనపడదు. దానికి స్పాన్సరూ దొరకడు.

ఇక మూడో ప్రశ్న. బరువెంత నాయనా నీ బండి? "ఏడెనిమిదొందల కేజీలుంటుందండీ" అంటారు అందరూ, వంకాయలు చేత్తో తూచినట్టు. కాటా వేయించావా? ధాన్యం లారీలు తూచే వేబ్రిడ్జి ఊరూరా ఉంది, వందో రెండొందలో ఇస్తే చీటీ ఇస్తాడు. పోలేదు. వంద లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే అదే వంద కేజీలు. బ్యాటరీలు, మంచం, సామాను, వెనక తగిలించిన సైకిళ్లు. ఆస్ట్రేలియాలో ట్రైలరు 750 కేజీలు దాటితే దానికి సొంత బ్రేకులుండాలి. రెండు టన్నులు దాటితే ప్రతి చక్రానికీ ఉండాలి, పైగా కారు నుంచి తెగిపోతే దానంతట అదే బ్రేకు పట్టాలి. బ్రిటన్లోనూ 750 దాటితే బ్రేకులే. నీ బండికి ఎన్నున్నాయి? సున్నా. కారు బ్రేకే దానికీ బ్రేకు. మారేడుమిల్లి ఘాట్‌లో అది నిన్ను వెనకనుంచి తోసినప్పుడు తెలుస్తుంది ఎవరు ఎవర్ని లాగుతున్నారో.

బరువు ఎంతుందన్నది సగమే, ఎక్కడుందన్నది మిగతా సగం. మొత్తం బరువులో సుమారు పదో వంతు హుక్కు మీద పడాలి. నీళ్ల ట్యాంకూ వంట సామానూ వెనక్కి పెట్టి ముందు భాగం తేలిక చేశావో, ఎనభై స్పీడులో లారీ ఒకటి పక్కనుంచి పోయిన గాలికే ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. ఊపు పెరుగుతుంది తప్ప తగ్గదు. భయపడి బ్రేకు తొక్కితే ఇంకా పెరుగుతుంది. ఆఖరికి కారుని కూడా తిప్పి పడేస్తుంది. హుక్కు ఊడితే పట్టుకోడానికి అడ్డంగా రెండు గొలుసులుండాలి. నేను చూసిన ఆ పెట్టెకి గొలుసు లేదు. టెయిల్ లైటు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి ఉన్నాయి. నా బండి, నా ఇష్టం అంటావా? బండి నీదే. ఊడిపోయిన ట్రైలరు వెళ్లి గుద్దేది మాత్రం ఎదురుగా బైకు మీద పాలక్యాన్లు కట్టుకుని వచ్చేవాణ్ణి. వాడి ఇష్టం అడిగావా?

"మా తాతలు గూడుబండి కట్టుకుని తిరణాళ్లకి పోలేదా, బండిలోనే పడుకోలేదా, అప్పుడెవడు చూశాడు స్టాండర్డులు?" ఈ మాట అనేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ. పోయారు. ఎద్దుల నడక వేగంతో పోయారు. సిలిండరు లేకుండా పోయారు. వంట బండి దిగి, చెట్టుకింద మూడు రాళ్లు పెట్టి చేసుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, గూడుబండికి ముందూ వెనకా తెరిచే ఉంటుంది. చదువురాని మీ తాత కట్టించుకున్న బండికి రెండు దార్లున్నాయి. బీటెక్ చదివిన నీ బండికి ఒకటే ఉంది. తాతని తలుచుకునే అర్హత ఎవరికుందో నువ్వే చెప్పు.

ఇంతదాకా చదివి, బాగా గడ్డిపెట్టాడు ఈ కుర్రాళ్లకి అని కుర్చీలో వెనక్కి వాలిన ఆఫీసరు గారూ! లేవకండి. ఇప్పుడు మీ వంతు.

మీ దగ్గర చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షను 52. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు. 2019 సవరణతో 182ఎ కూడా వచ్చింది. అనుమతి లేని మార్పు చేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా రెండూ. అదే ఏడాది జనవరిలో కేరళ కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ వివరాలకి విరుద్ధమైన మార్పులు చెల్లవని తేల్చింది. ట్రైలరుకైతే విడిగా రిజిస్ట్రేషను, విడిగా నంబరు. క్యారవాన్లు తయారుచేసే కంపెనీలకి ఏఐఎస్-124 అని ప్రమాణమూ ఉంది. అన్నీ సక్రమం. మరి ఒక మామూలు మనిషి, ఒకే ఒక్క బండి, నిజాయితీగా కట్టుకుని, సార్ ఇదిగో చూడండి, తప్పుంటే చెప్పండి, సరిచేసుకుంటాను అని మీ గుమ్మంలోకి వస్తే ఏం చెప్తారు? నమూనా పరీక్షకి పుణేలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలకి పొమ్మంటారు. ఏడాదికి వేల బండ్లు అమ్మే కంపెనీ కోసం పెట్టిన ఆ పరీక్ష, కంకిపాడులో ఒక్క డబ్బా కట్టుకున్నవాడు ఎలా చేయిస్తాడు? ఆ సంగతి మీకు తెలుసు. గేటు బయట కుర్చీ వేసుక్కూర్చున్న ఏజెంటుకి మీకన్నా బాగా తెలుసు. అందుకే దారి అడిగినవాడికి గేటు చూపిస్తారు.

బ్రిటన్లో ఒక్క బండి కట్టుకున్నవాడికి ఒక్క బండి పరీక్ష ఉంది. జర్మనీలో ఇంజనీరు కూర్చుని ఆ ఒక్క బండే చూసి సంతకం పెడతాడు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇంట్లో కట్టిన ట్రైలరుని చూసి నంబరిస్తాయి. డాలస్‌లో ఉన్న మనవాడు గరాజులో ట్రైలరు కట్టుకుని నంబరు ప్లేటు తగిలించుకుని దర్జాగా పోతాడు. అదే మనిషి తాడేపల్లిగూడెంలో కడితే నేరస్థుడు. తెలివి తేడానా, చెయ్యి తేడానా? వద్దు అని రాయడం తేలిక. ఎలా చెయ్యాలో రాయాలంటే బుర్ర పెట్టాలి. మన చట్టానికి వద్దు అనే నోరే గానీ చూపించే వేలు లేదు.

పోనీ, ఆ వద్దు అనేదైనా అందరికీ ఒకేలా అంటున్నారా?

2025 అక్టోబరు 24, తెల్లవారుజాము. హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు స్లీపరు బస్సు. కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, రోడ్డు మీద పడి ఉన్న బైకుని అడుగున ఈడ్చుకుపోయి అంటుకుంది. బస్సులో ఉన్న 19 మంది కాలిపోయారు. ఆ బస్సు రిజిస్ట్రేషను డామన్‌ది, తర్వాత ఒడిశాకి మారింది. సీటరుగా కాగితాలుండి స్లీపరుగా బాడీ మార్చుకుందని ఆ తర్వాత పత్రికలు రాశాయి. సెక్షను 52 దానికి వర్తించదా? బెర్తుల మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడవాల్సిన దారి, పరుపులు, రెక్సిన్లు, కర్టెన్లు. నేను ఆటోనగర్‌లో చూసిన డబ్బాకీ దీనికీ తేడా ఏంటి? ఇది పెద్దది. దీనికి టికెట్టుంది. అంతకు పన్నెండేళ్ల ముందు, 2013 అక్టోబరు 30న, ఇదే హైవే మీద పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. అప్పుడూ కమిటీలు వేశారు, పది రోజులు తనిఖీలు చేశారు, టీవీలకి బైట్లిచ్చారు. తర్వాత? రాత్రి తొమ్మిదింటికి హైదరాబాదు ఎల్బీనగర్లో నిలబడి చూడండి తర్వాతేమైందో.

బస్సులవాళ్లకి పెద్దల అండ ఉంది సరే, పేదవాళ్లని మోసే ట్రాలీ సంగతైనా చూశారా? 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలవలో పడి 15 మంది చచ్చిపోయారు. దాదాపు అందరూ కూలికి పోతున్న ఆడవాళ్లు. ఊరి వెల్డింగు షాపులో కట్టిన ట్రాలీలు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ముక్క కూడా లేనివి, నంబరు లేనివి, మన జిల్లాల్లో ఎన్ని తిరుగుతున్నాయో లెక్క మీకు కావాలా? అవి పొలానికి పోయేవి కదా అంటారు. పెళ్లికీ పోతాయి, జాతరకీ పోతాయి, మీ మంత్రిగారి సభకీ పోతాయి. సభకి వెళ్లేటప్పుడు ముందు పోలీసు జీపు కూడా ఉంటుంది.

దీని పక్కన 2021 ఆగస్టులో జరిగిన కేరళ కణ్ణూరు ముచ్చట పెట్టి చూడండి. టెంపో ట్రావెలర్ని చక్రాల ఇల్లుగా మార్చుకున్న ఇద్దరు యూట్యూబు అన్నదమ్ముల బండిని రవాణా శాఖ పట్టుకుంది, వాళ్లు ఆఫీసుకొచ్చి గొడవ చేస్తే అరెస్టు చేశారు, రిజిస్ట్రేషను సస్పెండ్ చేశారు. వాళ్ల అరుపులు నాకు నచ్చలేదు, వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకోను. కానీ ఆ రోజు అధికారులు చూపించిన ఆ పౌరుషం, ఆ చురుకు, రాష్ట్రాలు దాటే స్లీపరు బస్సు ముందు ఏమైపోతుంది? అయినా తెలుగువాళ్లం మనకి చక్రాల ఇల్లు కొత్తా? ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానుని చైతన్య రథం చేసుకుని, అందులోనే పడుకుని లేచి, రాష్ట్రమంతా తిరిగి 1983లో ముఖ్యమంత్రయ్యాడు. ఆ తర్వాత ప్రతి నాయకుడికీ ఒక బండి. రథమైతే దండలేస్తాం. డబ్బా అయితే చలానా రాస్తాం.

ఇప్పుడు రెండు పక్కలవాళ్లూ నన్ను తిడతారు. కుర్రాళ్లు, వీడు ఆఫీసర్ల మనిషి అంటారు. ఆఫీసర్లు, వీడు చట్టాన్ని సడలించమంటున్నాడు అంటారు. తిట్టండి. సడలించమనడం లేదు నేను, బిగించమంటున్నాను, బిగించాల్సిన చోట. కేరళ, కర్ణాటక, ఇప్పుడు ఆంధ్రా, అందరూ క్యారవాన్ టూరిజం అంటూ బ్రోషర్లు వేస్తున్నారు. బ్రోషర్లో సూర్యాస్తమయం ఉంది. గ్యాసు అర కన్నం ఎక్కడుండాలో లేదు.

ఒక్క కాగితం చాలు. తెలుగులో, ఆటోనగర్ మేస్త్రి చదివేలా. కాటా చీటీ తేవాలి. ఇంత బరువు దాటితే ట్రైలరుకి సొంత బ్రేకు. హుక్కుకి గొలుసులు. లైట్లన్నీ వెలగాలి. తలుపు కాక ఇంకో దారి, లోపలినుంచి చేత్తో తోస్తే తెరుచుకునేది, కమ్మీల్లేనిది. సిలిండరుకి విడి అర, అడుగున కన్నం. పడుకునేచోట కార్బన్ మోనాక్సైడు అలారం. బ్యాటరీ పక్కనే ఫ్యూజు. పుణే పోనక్కర్లేదు, జిల్లా కేంద్రంలో ఒక మోటారు వాహన ఇన్‌స్పెక్టరు ఒక పూటలో చూడగలిగిన పని. పాసైతే నంబరివ్వండి. ఫెయిలైతే ఎందుకో రాసివ్వండి, బాగుచేసుకుని మళ్లీ వస్తారు. ఇంత చేశాక కూడా దొంగచాటుగా తిప్పేవాడి బండి పట్టుకోండి, నేనే వచ్చి మీ పక్కన నిలబడతాను. ఇదే కాగితం పట్టుకుని రాత్రి తొమ్మిదింటికి స్లీపరు బస్సులు బయల్దేరే చోటికి కూడా రావాలి మరి. అక్కడికి రాని కాగితాన్ని కుర్రాడి డబ్బా మీద అంటిస్తే నేనొప్పుకోను.

ఫీజు ఎంతో బోర్డు మీద రాయండి. రసీదివ్వండి. బండ్లు మేం తెస్తాం. మీరు టార్చిలైటు పట్టుకుని, చొక్కా మాసినా సరే, ఛాసిస్ కిందకి దూరండి.